సాహిత్ తీగల గెలిచిన రోజే కాదు, కాలేజీ సీజన్ కూడా రాయండి: తెలుగు క్రీడా సంపాదకులకు ఒక పాఠకుడి బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల, టీవీ ఛానళ్ల క్రీడా విభాగాల సంపాదకులకు,

నమస్కారం.

2023 సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలోని నాపాలో గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగల ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో పై మెట్టయిన పీజీఏ టూర్‌లో అతనికి అది తొలి టైటిల్. ఆ తర్వాత రెండు రోజులు మీ పేజీల్లో 'తెలుగు తేజం' తళుకులే తళుకులు. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వెళ్లినవారని రాశారు, ఫోటో పెద్దగా వేశారు, సంతోషం. ఒక పత్రిక అయితే అతను 21 పాయింట్ల తేడాతో నెగ్గాడని కూడా రాసింది. నెగ్గింది రెండు స్ట్రోకుల, అంటే రెండు దెబ్బల, తేడాతో. 21 అన్నది నాలుగు రోజుల ఆటలో పార్ కన్నా, అంటే మైదానానికి ముందే నిర్ణయించిన లెక్క కన్నా, అతను ఎన్ని స్ట్రోకులు తక్కువ ఆడాడో చెప్పే లెక్క. తక్కువ కొట్టినవాడే గెలిచే ఆట ఇది, అర్ధరాత్రి డెస్కులో కూర్చున్న ఉపసంపాదకుడు తికమక పడితే నేను తప్పుపట్టను. నా ఫిర్యాదు వేరే ఉంది.

మూడో రోజు నుంచి సాహిత్ మీ పేజీల్లోంచి మాయమయ్యాడు. అంతకుముందు కూడా లేడు. మీ వార్త ఒక్కటే చదివినవాళ్లకు అతను ఆకాశం నుంచి ఊడిపడినట్టే అనిపించి ఉంటుంది. ఎక్కడ ఆడి, ఎవరితో కలిసి ఆడి, ఏ దెబ్బలు తిని అక్కడిదాకా వచ్చాడో చెప్పే ఐదేళ్ల కథ అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో ఉంది. ఆ కథను మీరు ఒక్క సీజన్ కూడా వెంబడించలేదు. అందుకే ఈ లేఖ.

పసిఫిక్ సముద్రం ఒడ్డున మాలిబు కొండల మీద పెపర్‌డైన్ అనే చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉంది. ఫుట్‌బాల్ మైదానాలకు లక్షమంది వచ్చే పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో పోలిస్తే దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. గోల్ఫ్‌లో మాత్రం దాని మాటకు విలువ ఉంది. 1997లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ జట్టులో జేసన్ గోర్ అనే కుర్రవాడు ఉన్నాడు. ఇతని గురించి ఒక చిన్న పక్కదారి పట్టనివ్వండి, ఎందుకంటే ఇలాంటి కథను ఏ క్రీడా పేజీ అయినా కళ్లకద్దుకోవాలి. 2005లో యూఎస్ ఓపెన్ ఆఖరి రోజున అతను చివరి జోడీలో, అంటే గెలిచే అవకాశం ఉన్నవాళ్లతో కలిసి బరిలోకి దిగాడు. ఆ ఒత్తిడిలో చితికిపోయి 84 కొట్టాడు. తలెత్తుకోలేని స్కోరు అది. ఇంకొకడైతే ఆ వేసవంతా ఇంట్లోంచి బయటికి వచ్చేవాడు కాదు. గోర్ కింది స్థాయి టూర్‌కు వెళ్లి వరుసగా మూడు టోర్నీలు గెలిచాడు, సెప్టెంబరుకల్లా పీజీఏ టూర్‌లోనే ఒక టైటిల్ కొట్టాడు. ఆ టోర్నీ పేరు 84 లంబర్ క్లాసిక్. కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

సాహిత్ వెళ్లి చేరింది ఆ కాలేజీలోనే. ఒకప్పుడు అక్కడే ఆడి, 2012 నుంచి కోచ్‌గా ఉన్న మైకేల్ బేర్డ్ చేతికింద పడ్డాడు. చినో హిల్స్‌లో పెరిగిన పిల్లవాడు, చిన్ననాటి నుంచి వెన్నెముక కాస్త వంపు తిరిగి ఉండటం వల్ల అతని స్వింగ్ పుస్తకాల్లో బొమ్మలా ఉండదు. చక్కగా ఆడుతున్న సమయంలో మణికట్టుకు గాయమై, శస్త్రచికిత్స జరిగి, 2018-19 సీజన్ మొత్తం పోయింది. ఒక ఏడాది చేతిలో క్లబ్బు (గోల్ఫ్ కర్ర) లేకుండా తోటివాళ్ల ఆట చూస్తూ గడపడం ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించండి. తిరిగి వచ్చిన ఏడాది, 2019-20లో, కాలేజీ గోల్ఫ్‌లో ఇచ్చే మూడు పెద్ద పురస్కారాలు, హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లస్, మూడూ అతనికే దక్కాయి. మన పేజీల్లో ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు వచ్చాయో మీ పాత సంచికలు మీ దగ్గరే ఉన్నాయి, చూసుకోండి.

ఆ ఏడాది ఎలా ముగిసిందన్నది ఇంకా పెద్ద వార్త. 2020 మార్చి 12న కరోనా కారణంగా కాలేజీ ఛాంపియన్‌షిప్‌లన్నీ రద్దయ్యాయి. దేశంలో అగ్రశ్రేణి జట్లలో ఒకటిగా దూసుకుపోతున్న పెపర్‌డైన్ ఆడటానికి టోర్నీయే లేకుండా పోయింది. వసంతకాలపు ఆటగాళ్లందరికీ అదనంగా ఇంకో ఏడాది ఆడే అవకాశం ఇచ్చారు. సాహిత్ దాన్ని వద్దనుకుని జూన్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు. అయితే వెళ్లడానికి దారి ఏది? ఆ ఏడాది కింది టూర్‌లోకి ప్రవేశమిచ్చే అర్హత పోటీలు కూడా కరోనా దెబ్బకు రద్దయ్యాయి. పై తరగతి కాలేజీ ఆటగాళ్లను ర్యాంకుల ప్రకారం నేరుగా టూర్లలోకి తీసుకునే 'పీజీఏ టూర్ యూనివర్సిటీ' పద్ధతిని ప్రకటించింది 2020లోనే, వర్తించింది మాత్రం 2021 బ్యాచ్ నుంచి. దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాడు సరిగ్గా ఒక్క ఏడాది తేడాలో రెండు తలుపులకూ బయట నిలబడిపోయాడు. నిర్వాహకులు ఇచ్చే ఆహ్వానాలు, ఒక్కరోజు అర్హత రౌండ్లు పట్టుకుని వేలాడి, 2021లో ఆ కింది టూర్ (కార్న్ ఫెర్రీ టూర్) మీదుగా పీజీఏ టూర్‌లో ఆడే కార్డు సంపాదించాడు.

తర్వాతి బ్యాచ్‌ల వాళ్ల సంగతి చూడండి. టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో ఆడిన స్వీడన్ కుర్రవాడు లూడ్విగ్ ఓబెర్గ్ 2023లో ఆ ర్యాంకింగులో మొదటి స్థానంలో నిలిచి కాలేజీ నుంచి తిన్నగా పీజీఏ టూర్‌లో అడుగుపెట్టాడు. నాలుగు నెలలు తిరగకుండానే అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో యూరప్ తరఫున ఆడాడు. ఆడపిల్లల్లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రోజ్ జాంగ్ 2022లోనూ 2023లోనూ కాలేజీ వ్యక్తిగత టైటిల్ గెలిచి, ప్రొఫెషనల్‌గా ఆడిన మొట్టమొదటి టోర్నీనే ఎగరేసుకుపోయింది. నిన్నటి కాలేజీ స్కోరుబోర్డే రేపటి టూర్ స్కోరుబోర్డు. దాన్ని చదవడం మానేసినవాళ్లకు ప్రతి విజేతా కొత్త ముఖమే.

ఇక పెపర్‌డైన్. సాహిత్ వెళ్లిపోయిన మరుసటి ఏడాది, 2021లో, అరిజోనాలోని గ్రేహాక్ మైదానంలో ఆ జట్టు ఓక్లహోమాను 3-2తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. 24 ఏళ్ల తర్వాత వచ్చిన టైటిల్. ఐదేళ్లు ఆ రంగు చొక్కా వేసుకున్నవాడు ఆ కప్పు ఎత్తిన ఫోటోలో లేడు. ఉన్నవాళ్లలో జో హైస్మిత్ ఉన్నాడు, విలియం మావ్ ఉన్నాడు. ఈ రెండు పేర్లు మీ పాఠకులకు తెలియవు, నాకు కోపం వచ్చేది ఇక్కడే.

హైస్మిత్ ఎడమచేతి వాటం ఆటగాడు. ఎండకు అడ్డుగా చుట్టూ అంచున్న గుడ్డ టోపీ పెట్టుకుంటాడు, టీవీలో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. 2025 మార్చిలో ఫ్లోరిడాలో కాగ్నిజెంట్ క్లాసిక్‌లో రెండు రోజుల ఆట తర్వాత, వెనకబడినవాళ్లను ఇంటికి పంపే కోత గీత మీద సరిగ్గా నిలిచాడు. ఇంకొక్క స్ట్రోకు ఎక్కువైతే ఇంటికే. మిగతా రెండు రోజులూ 64, 64 కొట్టి టైటిల్ గెలిచాడు. అదే ఏడాది జూలైలో లూయివిల్‌లో జరిగిన ఐఎస్‌సీఓ ఛాంపియన్‌షిప్ ఆఖరి రోజు మావ్ ఏడు స్ట్రోకులు వెనకబడి మొదలుపెట్టాడు. 61 కొట్టి, క్లబ్‌హౌస్‌కు చేరి, వెనక వస్తున్న నాయకులు ఆట ముగించేదాకా చాలాసేపు కాచుకుని కూర్చున్నాడు. ఎవరూ అతన్ని అందుకోలేకపోయారు.

సాహిత్, హైస్మిత్, మావ్: 2019-20లో ఈ ముగ్గురిదీ ఒకే జట్టు. పోటీ మధ్యలో ఆగిపోయిన ఆ జట్టులోంచి, 2023 సెప్టెంబరుకూ 2025 జూలైకీ మధ్య, ముగ్గురు పీజీఏ టూర్ విజేతలు వచ్చారు. దీన్ని వార్త అనకపోతే దేన్ని అంటారు? హైస్మిత్, మావ్ తెలుగువాళ్లు కారు కాబట్టి మీరు వదిలేశారు. కానీ సాహిత్ ఎలా తయారయ్యాడో తెలియాలంటే వాళ్ల కథే చదవాలి. రోజూ సాధన మైదానంలో తన పక్కన నిలబడి బంతులు కొట్టినవాళ్లు వాళ్లే.

ఈ పని మీకు చేతకాదని అనలేను, ఒకసారి చేసి చూపించారు కనుక. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ 2008లో మొదలైనప్పటి నుంచి మీ విలేకరులు దాన్ని సొంత ఇంటిలా కాపు కాశారు. తెల్లవారుజామున మొదలయ్యే సాధన గురించి రాశారు. 2012 లండన్‌లో సైనా కాంస్యం, 2016 రియోలో సింధు రజతం, 2017లో శ్రీకాంత్ నాలుగు సూపర్ సిరీస్‌లు, 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సాయి ప్రణీత్ కాంస్యం, ఇవన్నీ మన పాఠకుడికి ఒకే చెట్టు కాయలుగా తెలుసు. ఒకడు ఓడినప్పుడు ఎందుకు ఓడాడో రాశారు. రియోకు ముందు సింధు ఫోను కోచ్ తీసుకుని దాచేశాడన్న సంగతి తెలియని తెలుగు ఇల్లు లేదు. పతకం కన్నా ముందే మనకు ఆ అమ్మాయి తెలుసు, అందుకే ఆ ఫైనల్ రోజు ఊళ్లకు ఊళ్లు టీవీల ముందు కూర్చున్నాయి. కాలేజీ గోల్ఫ్ జట్టు కూడా అకాడమీ లాంటిదే. ఒక కోచ్, ఎనిమిది తొమ్మిది మంది పిల్లలు, నాలుగేళ్లు.

గోల్ఫ్ ఎవరు చదువుతారండీ అని మీలో ఒకరిద్దరు నవ్వుకుంటారని తెలుసు. చదరంగం ఎవరు చదివేవారు? హంపి, హరికృష్ణ, హారికల ఫలితాలను మీరు ఏళ్ల తరబడి వేస్తూ వచ్చారు కాబట్టే, 2024లో వరంగల్ అర్జున్ ఇరిగేశి 2800 ఎలో రేటింగ్ దాటినప్పుడు ఆ అంకె ఎంత పెద్దదో వివరించాల్సిన అవసరం పడలేదు.

అలాగే కాలేజీ గోల్ఫ్‌లో అర్థం కానంత గడ్డు లెక్కలేమీ లేవు. జట్టు తరఫున ఐదుగురు ఆడతారు, అందులో మెరుగైన నాలుగు స్కోర్లే లెక్కకొస్తాయి. ఈ ఒక్క నిబంధనలో ఎంత నాటకం ఉందో చూడండి. పొద్దున్నే మూడు డబుల్ బోగీలు (పార్ కన్నా రెండేసి స్ట్రోకులు ఎక్కువ) పడ్డ కుర్రవాడికి తన స్కోరు ఎలాగూ తీసిపారేస్తారని తెలుసు. అయినా వదిలేయడానికి లేదు, ఎందుకంటే మైదానం అవతలి కొసన సాటి ఆటగాడు ఎవరైనా కుప్పకూలితే సాయంత్రానికి తన చెత్త స్కోరే జట్టుకు దిక్కు. చాలా టోర్నీల్లో మొదటి రోజే 36 హోల్స్, మరునాడు 18. క్యాడీ ఉండడు, ఎవరి సంచి వాళ్లే మోసుకోవాలి లేదా బండిలో తోసుకోవాలి. మే చివర్లో జాతీయ ఛాంపియన్‌షిప్‌కు 30 జట్లు వస్తాయి. మూడు రౌండ్ల తర్వాత 15 జట్లు మిగులుతాయి. నాలుగో రౌండ్ తర్వాత వ్యక్తిగత విజేత తేలతాడు, ఎనిమిది జట్లు నాకౌట్‌కు వెళతాయి. అక్కడి నుంచి ఒక్కో పోరులో ఐదు జోడీలు ఎదురెదురు, మూడు గెలిచిన జట్టుదే విజయం. కబడ్డీ, క్రికెట్ నాకౌట్లు చూసిన మనకు ఇందులో కొత్త ఏముంది? 2025లో కాలిఫోర్నియాలోని లా కోస్టాలో ఓక్లహోమా స్టేట్ ఆ కప్పు అందుకుంది, వాళ్లకది 12వ టైటిల్. అదే మైదానంలో ఆడపిల్లల ఫైనల్లో నార్త్‌వెస్టర్న్ జట్టు 3-2తో స్టాన్‌ఫర్డ్‌ను ఓడించింది. రెండు ఫైనల్స్‌లో ఒక్కదానికైనా మీ దగ్గర రెండు అంగుళాల చోటు దొరకలేదా?

ఇంకో సంగతి. కాలేజీ టోర్నీల్లో అంపైరు వెంట ఉండడు. ఒకరి స్కోరుకార్డు ఇంకొకరు రాస్తారు. నువ్వు కొట్టింది ఐదో ఆరో నిన్ను ఓడించాల్సినవాడే రాసుకుంటాడు, వాడిది నువ్వు రాస్తావు. పొదల్లో బంతి కదిలితే కదిలిందని చెప్పాల్సింది నువ్వే. ఇలా నాలుగైదేళ్లు ఆడినవాడి చేతులు ఎలా తయారవుతాయో 2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో చూశాం. టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో సాహిత్ బంతి ఇసుక బంకర్‌లో పడింది. క్లబ్బు వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకినట్టు అతనికి అనిపించింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. తానే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు స్ట్రోకుల శిక్ష పడింది. టోర్నీ ముగిసేసరికి రెండో స్థానంలో ఉన్న కొలిన్ మోరికావా కన్నా సరిగ్గా రెండు స్ట్రోకులు వెనక, మూడో స్థానంలో నిలిచాడు. మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు, రెండో స్థానానికి కోటీ 25 లక్షలు. ఆ రెండు స్ట్రోకులు లేకపోతే ఇద్దరూ సమానంగా నిలిచి చెరో కోటి డాలర్లు పంచుకునేవారు. అంటే ఇసుకలో ఒక చిన్న కదలికకు అతను చెల్లించిన వెల 25 లక్షల డాలర్లు.

ఆ వార్త మీలో ఎంతమంది వేశారు? వేసినవాళ్లు కూడా 'నిజాయితీ చాటిన తెలుగు కుర్రాడు' అని శీర్షిక పెట్టి, అది మన సంస్కారం ఖాతాలో జమ కట్టేసి ఊరుకున్నారు. పెంపకం పాత్ర ఉండే ఉంటుంది, కాదనను. కానీ ఆ అలవాటును రోజూ సానబట్టిన చోటు ఒకటి ఉంది కదా. మైదానాన్ని చూడకుండా రక్తాన్నే చూస్తే కథ సగమే దక్కుతుంది.

అతన్ని మనవాడు అనుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ అనుకుంటాను. అతను అమెరికాలో పుట్టి పెరిగాడు, 2024లో ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జెండా కింద ఆడాడు, అయినా ఆ ఇంటిపేరు వినగానే మనకు ఒక పులకింత. సరే. అయితే మనవాడు ఓడినప్పుడు కూడా మనవాడే కావాలి. 2022లో ఫీనిక్స్‌లో ఆఖరి రౌండ్‌ను ఆధిక్యంతో మొదలుపెట్టి, 17వ హోల్ దగ్గర బాగా కొట్టిన బంతే పక్కకు గెంతి నీళ్లలో పడి, సమానంగా నిలిచినవాళ్ల మధ్య టైటిల్ తేల్చే ప్లేఆఫ్ ఒక్క స్ట్రోకు తేడాతో చేజారినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. అదే ఏడాది ట్రావెలర్స్ టోర్నీలో ఒక స్ట్రోకు ఆధిక్యంతో 18వ హోల్‌కు వచ్చి బంకర్‌లో ఇరుక్కుని డబుల్ బోగీతో పోగొట్టుకున్నాడు. ఈ రెండు ఓటములు తెలిస్తేనే నాపా విజయం రుచి తెలుస్తుంది. 2025లో మెడ గాయంతో వారాల తరబడి ఆటకు దూరమై ర్యాంకు జారిపోయినప్పుడు మీ పేజీల్లో ఒక్క వాక్యం కనబడలేదు.

ఇందులో మన ఇళ్లకు నేరుగా సంబంధించిన వార్త కూడా ఉంది. హైదరాబాద్‌లో, విశాఖలో పిల్లల చేత గోల్ఫ్ ఆడిస్తున్న తల్లిదండ్రులు చాలామంది అమెరికాలో కాలేజీ సీటు, దాంతోపాటు పూర్తి స్కాలర్‌షిప్ వస్తుందనే ఆశతో ఉన్నారు. అమెరికా కాలేజీ క్రీడల్లో పై మెట్టయిన డివిజన్ వన్ స్థాయిలో మగపిల్లల గోల్ఫ్ జట్టు మొత్తానికి నిన్నమొన్నటి వరకు ఉన్న పరిమితి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లు. ఆడపిల్లల జట్టుకు ఆరు. నాలుగున్నరను తొమ్మిది పది మందికి పంచితే ఒక్కొక్కరికి ఏ పావలా వంతో అర్ధ రూపాయి వంతో దక్కుతుంది. 2025లో కాలేజీ క్రీడల మీద కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత, అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు ఆ పరిమితి పోయింది, బదులుగా జట్టులో తొమ్మిది మందికి మించి ఉండకూడదన్న గీత వచ్చింది. కొందరికి డబ్బు పెరుగుతుంది, కొందరికి చోటే పోతుంది. దీనికి తోడు కాలేజీలు మారే సౌకర్యం ఉంది. 2021లో పెపర్‌డైన్‌కు కప్పు తెచ్చినవాళ్లలో ఒకడైన డిలన్ మెనాంటే మరుసటి ఏడాదే నార్త్ కరోలైనాకు వెళ్లిపోయాడు. లక్షలు పోసి పిల్లలకు శిక్షణ ఇప్పిస్తున్న కుటుంబాలు ఈ లెక్కలన్నీ ఏజెంట్ల నోట వినాల్సి రావడం మీకు సబబుగా ఉందా?

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. మీ విభాగంలో ఒక్క కుర్ర విలేకరికి ఈ బాధ్యత అప్పగించండి. సీజన్ సెప్టెంబరులో మొదలై, చలికాలంలో కాస్త ఆగి, ఫిబ్రవరి నుంచి మే దాకా సాగుతుంది. నెలకు ఒక్క కాలమ్ చాలు. పెపర్‌డైన్‌తోనే మొదలుపెట్టండి, మన పాఠకుడికి అక్కడ ఇప్పటికే ఒక చుట్టం ఉన్నాడు. ఎవరు ఆడుతున్నారు, ఎవరి స్కోరు తీసిపారేశారు, ఎవరు గాయపడ్డారు, బయటికి వెళ్లిన పాతవాళ్లు ఏ టూర్‌లో ఏ స్థానంలో ఉన్నారు, ఇంతే. స్కోర్లు ఆడుతుండగానే ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి, ఎవరూ ప్రయాణం చేయనక్కర్లేదు, ఖర్చు లేదు. తెలుగు ఇంటిపేరు ఉన్న పిల్లలు జాబితాలో కనిపిస్తే ప్రత్యేకంగా రాయండి, కనిపించకపోయినా కాలమ్ ఆపకండి.

స్కోరుకార్డు చదవడం నేర్పడానికి ఒక సాయంత్రం చాలు. ఆ విలేకరిని పంపండి, పక్కన కూర్చుని నేర్పుతాను. పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
మీ క్రీడా పేజీని వెనక నుంచి ముందుకు చదివే ఒక పాఠకుడు